కొట్టుగదిలో పాడిన పాట

తమ్ముడు ఫోన్ చేసి ఏడ్చినంత పని చేశాడు. "అక్కా, నువ్వే ఏదో ఒకటి చెయ్యాలి. దాని నోరు మూయించడం నా వల్ల కావడం లేదు. నలుగురిలో తలెత్తుకోలేకపోతున్నాను. ముప్పయ్యేళ్ళు కాలేజీలో తెలుగు చెప్పినదానివి, నువ్వు చెబితే వింటుంది" అన్నాడు. అది అంటే వాడి కూతురు లహరి. తాడేపల్లిగూడెంలో వాళ్ళ మేడ మీద గదిలో ఇద్దరు స్నేహితురాళ్ళతో కలిసి కంప్యూటర్‌లో బొమ్మలు గీస్తుంది, వాటిని కదిలిస్తుంది, వాటికి గొంతులిస్తుంది, తీసుకెళ్ళి ఇంటర్నెట్‌లో పెడుతుంది. కార్టూన్ అంటే పిల్లలదే కదా, దానికింత రాద్ధాంతం ఎందుకు అనుకున్నాను. "పిల్లలది కాదే బాబూ, పెద్దలకు మాత్రమే అని ముందే రాసి మరీ పెడుతోంది" అన్నాడు వాడు, ఆ ఏడుపులోనే.

మర్నాడు పొద్దున్న కాఫీలయ్యాక మా ఆయనా నేనూ ఫోను మధ్యలో పెట్టుకుని చూశాం. పేరు 'గూడబాతు బామ్మ'. కొల్లేటిలో ముక్కు కింద సంచీ వేలాడేసుకుని తిరిగే పెద్ద పక్షులుంటాయే, అలాంటి ముసలి గూడబాతు ఒకటి అందులో నాయిక. మొదటి భాగంలో దాని మొగుడు పోయాడు. పదకొండో రోజు భోజనాలకి కొల్లేటి పక్షులన్నీ విస్తళ్ళ ముందు కూచుని, పోయినాయన ఎంత ఉత్తముడో చెప్పి కళ్ళొత్తుకుంటున్నాయి. టీవీ సీరియల్లోలాగే ఉరుముతున్నట్టు సంగీతం, ఒక్కో మొహం మూడేసి సార్లు. బామ్మ అన్నీ విని, ముక్కు సంచీలోంచి ఆయన గుట్టులన్నీ ఒక్కొక్కటే తీసి విస్తట్లో వడ్డించడం మొదలుపెట్టింది. ఏ కొంగ దగ్గరికి వెళ్ళేవాడో, ఎందుకు వెళ్ళేవాడో, వెళ్ళి ఏం వెలగబెట్టలేక తిరిగొచ్చేవాడో. ఆ మాటలు ఇక్కడ రాయను. మా ఆయన లేచి, పేపరు చదువుకోవాలంటూ వరండాలోకి వెళ్ళిపోయారు. నేను మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని చివరిదాకా చూశాను. ఎందుకు నవ్వొచ్చిందో, నవ్వాక ఎందుకు కళ్ళు తుడుచుకోవలసి వచ్చిందో నాకు వెంటనే తెలియలేదు. రెండోసారి చూసినప్పుడు తెలిసింది. ఆ బామ్మ మాట విరుపు మా దొడ్డమ్మది. లహరి పుట్టకముందే పోయిన మనిషి. చిన్నప్పుడు దాన్ని నవ్వించడానికి మా తమ్ముడు దొడ్డమ్మలా మాట్లాడి చూపించేవాడు. కూతురికి ఆ గొంతు అంటించినవాడు తనేనన్న సంగతి పాపం వాడికి తట్టినట్టు లేదు.

దొడ్డమ్మ మా అమ్మకి అక్క. చిన్నతనంలోనే భర్త పోతే, తెల్లపంచె ముసుగుతో మా ఇంటికొచ్చి, మా ఇంట్లోనే ఉండిపోయింది. నాన్న స్కూలు మాస్టారు. మాది తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల మార్కెట్టుకి రెండు వీధుల అవతల ఇల్లు. మేం ఉల్లిపాయ తినేవాళ్ళం కాదు, ఇంట్లోకి రానిచ్చేవాళ్ళమూ కాదు. కానీ మధ్యాహ్నం గాలి తిరిగితే ఇల్లంతా అదే వాసన. అప్పుడు దొడ్డమ్మ కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చి, "తినకూడదన్నారు గానీ పీల్చకూడదని ఏ శాస్త్రంలోనూ లేదే" అనేది. పొద్దున్నే తడిబట్టతో మడి, కుంపటి మీద తన అన్నం తను వండుకోవడం, ఒంటిపూట భోజనం, ఆ తర్వాత వెనక వసారాలో అప్పడాల పీట. ఆవిడ దగ్గరికి వెళ్తే ఇంగువా ముక్కుపొడీ కలిసిన వాసన వచ్చేది. ఇప్పటికీ ఏ కొట్లోనైనా ఇంగువ డబ్బా మూత తీస్తే నాకు ముందు తుమ్ము గుర్తొస్తుంది, తర్వాత దొడ్డమ్మ గుర్తొస్తుంది.

ఊళ్ళో ఏ ఇంట పెళ్ళి కుదిరినా పదిహేను రోజుల ముందు నుంచీ ఆ ఇంటి ఆడవాళ్ళు మా వెనక వసారాకి చేరేవారు. మా వైపు పెళ్ళిళ్ళలో మగపెళ్ళివారు బంతికి కూచున్నప్పుడు ఆడపెళ్ళివారి వైపు ఆడవాళ్ళు వాళ్ళని ఆడిపోసుకుంటూ పాటలు పాడేవారు. వియ్యంకుడి తిండి, వియ్యపురాలి నడక, ఆడపడుచుల సోకులు, దేన్నీ వదిలేవారు కాదు. చాలామటుకు పచ్చి బూతే. ఎంత పడితే అంత అనొచ్చు, అనిపించుకున్నవాళ్ళు మాత్రం కోపం తెచ్చుకోకూడదు, నవ్వి ఇంకో గారె వేయించుకోవాలి. అదీ కట్టుబాటు. మామూలు రోజుల్లో మగవాళ్ళ ఎదట గొంతెత్తని ఆడవాళ్ళు ఆ ఒక్క పూట వాళ్ళ బతుకు బజారులో పెట్టేవారు. గూడెంలో ఆ పాటలు కట్టడంలో దొడ్డమ్మని మించినవాళ్ళు లేరు.

ఆవిడ పని చేసే తీరు నాకు బాగా గుర్తు. వచ్చినవాళ్ళ చేత ముందు అప్పడాల పిండి దంచించేది. వాళ్ళు దంచుతూ మగపెళ్ళివారి కూపీలు చెబుతుండేవారు. వియ్యంకుడు పెళ్ళిచూపులకొచ్చి ఎన్ని కాఫీలు తాగాడు, ఏమేం గొప్పలు చెప్పాడు, ఎవరిని ఎవరు కసిరారు. దొడ్డమ్మకి చదువు రాదు. పనికొచ్చే సంగతి ఒకటి దొరకగానే పిండిలోంచి ఒక ఉండ తీసి పీట అంచున పెట్టేది. వియ్యంకుడికో ఉండ, వియ్యపురాలికో ఉండ, మేనమామకో ఉండ. ఇక ఒక్కో ఉండా తీసుకుని అప్పడంగా వత్తుతూ, పెదాలు కదుపుతూ చరణం కట్టేది. అప్పడం పల్చబడేసరికి చరణం కుదిరేది. ఉండలన్నీ అయిపోతే పాట పూర్తయినట్టు. గణపవరం వియ్యంకుడి మీద కట్టింది నాకింకా నోటికొచ్చు. "గణపవరం వియ్యంకుడికి ఘనమైన పొట్ట, పొట్ట నిన్న దిగింది, మనిషి నేడు దిగాడు!" దాని తర్వాత చరణం నాకు పెళ్ళయ్యాకే అర్థమయింది.

ఎంత అన్నా ఆవిడకో నియమం ఉండేది. ఒకసారి ఎవరో వచ్చి పెళ్ళికొడుకు బాబాయికి కాలు కుంటి అని ఉత్సాహంగా చెప్పారు. దొడ్డమ్మ ఉండ తీయలేదు. "వాడు చేసుకున్నదైతే అంటాం గానీ దేవుడు చేసింది అనకూడదే. పొట్ట వాడు పెంచుకున్నది, అను. కాలు వాడు విరగ్గొట్టుకోలేదుగా" అంది. పేదరికం మీదా, పిల్లలు లేకపోవడం మీదా కూడా ఆవిడ ఎన్నడూ పాట కట్టలేదు.

పెళ్ళిపందిట్లోకి మాత్రం దొడ్డమ్మ రాకూడదు. శుభం జరుగుతున్నచోట ముసుగు మనిషి ఎదురుపడకూడదని అప్పటివాళ్ళ పట్టింపు. పాట ఆవిడది కావాలి, మొహం అక్కర్లేదు. అందుకని వంటింటి పక్క కొట్టుగదిలో, ఆవకాయ జాడీల మధ్య పీట వేసి కూచోబెట్టేవారు. తలుపు ఓరగా వేసేవారు. బంతిలో నెయ్యి వడ్డన కాగానే ఆ తలుపు సందులోంచి గొంతొచ్చేది. సన్నగా, ఎక్కడా తడబాటు లేకుండా, దేవుడి పాట మొదలెట్టినంత భక్తిగా మొదలై రెండో వాక్యానికల్లా కొంప ముంచేది. బంతంతా పొలమారేది. చిన్నప్పుడు నేను ఆవిడ పక్కనే జాడీకి ఆనుకుని కూచునేదాన్ని. బయట అంతమంది పడీపడీ నవ్వుతుంటే ఆ నవ్వు పుట్టిస్తున్న మనిషి మొహంలో నవ్వుండేది కాదు. తలుపు సందుకి చెవి ఆనించి వింటుండేది. మా దొడ్డమ్మ అని నాకు చెప్పలేనంత గర్వంగా ఉండేది.

ఆ గర్వం ఏలూరు కాలేజీలో చేరాక ఇంకిపోయింది. రోజూ పొద్దున్న ప్యాసింజరెక్కి వెళ్ళి, సాయంత్రం తిరిగొచ్చేదాన్ని. ప్రబంధాలు చదువుకున్నాను. వాటిలో అంతకంటే పచ్చి శృంగారం ఉన్నా అది సంస్కృత సమాసాల్లో ఉంది కాబట్టి సాహిత్యమనీ, దొడ్డమ్మది అచ్చతెలుగులో ఉంది కాబట్టి మోటనీ నమ్మాను. చదువు నాకు ఇచ్చినవి చాలా ఉన్నాయి, ఈ తెలివితక్కువతనం కూడా అందులో ఒకటి. స్నేహితురాళ్ళు ఇంటికొస్తానంటే ఏదో వంక చెప్పేదాన్ని. ఎం.ఏ. అయ్యాక భీమడోలు సంబంధం కుదిరింది. పెళ్ళికొడుకు లెక్కల లెక్చరరు, వాళ్ళది వేదపండితుల వంశం. పెళ్ళిచూపులనాడు మా అత్తగారు తల వంచుకుని, రెండే రెండు మాటలు మాట్లాడి, ఒక్క చుక్క ఒలక్కుండా కాఫీ తాగారు. ఆ మర్యాద చూసి నాకు ముందు దొడ్డమ్మ నోరే గుర్తొచ్చింది.

పెళ్ళి పది రోజులుందనగా వసారాలోకి వెళ్ళాను. దొడ్డమ్మ ఒక్కతే ఉంది. పీట అంచున తొమ్మిది ఉండలు వరసగా ఉన్నాయి. అన్ని ఉండలు ఏ పెళ్ళికీ చూడలేదు.

"దొడ్డమ్మా, నీకో మాట చెప్పాలి."

"చెప్పవే పెళ్ళికూతురా. మీ అత్తగారు నిద్దట్లో మంత్రాలు చదువుతుందట, నిజమేనా?"

"అదే చెప్పడానికొచ్చాను. మా పెళ్ళిలో నువ్వు పాడొద్దు. వాళ్ళు పెద్దమనుషులు. ఆ బూతులు వింటే రేపు నన్ను ఏ కళ్ళతో చూస్తారు? వాళ్ళ గురించి ఒక్క ముక్క కూడా అనొద్దు."

దొడ్డమ్మ చెయ్యి ఆగింది. నా మొహం చూడలేదు. "అలాగేనే తల్లీ" అంది. తర్వాత ఆ తొమ్మిది ఉండలూ ఒక్కొక్కటే తీసి, అన్నిటినీ కలిపి ఒకే ముద్ద చేసి, గిన్నెలో వేసి తడిగుడ్డ కప్పింది. నేను అక్కడే నిలబడి చూశాను. ఒక్క మాట అని ఉంటే బావుండేది, నన్ను తిట్టినా బావుండేది. నేను కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళిపోయాను.

మా పెళ్ళి బంతి ఎంతో మర్యాదగా జరిగింది. నెయ్యి వడ్డించారు. మగపెళ్ళివారు కొట్టుగది వైపు చూశారు. తలుపు సందులోంచి చడీ చప్పుడూ లేదు. మా వీధి ఆడవాళ్ళు వెళ్ళి, "ఏవండీ, పాడరేం?" అని అడిగితే, "ఎంత వెతికినా వాళ్ళలో అనడానికి ఏమీ దొరకలేదమ్మా, అంత మంచివాళ్ళు" అందట. ఆ మాట అందరూ గొప్పగా చెప్పుకున్నారు. మా అమ్మ మురిసిపోయింది. నేను గట్టెక్కాననుకున్నాను. మూడో ఏడు తిరగకుండా దొడ్డమ్మ పోయింది. కబురందేసరికి నేను నిండు నెలల్లో ఉన్నాను, వెళ్ళలేకపోయాను. ఆ తొమ్మిది ఉండల్లో ఏముందో ఎవర్నీ అడగలేదు. ఎవరికీ తెలియదనుకున్నాను. పెళ్ళిపీటల మీద నన్ను చూడటానికి వీల్లేని మనిషికి నాకోసం పాడటమొక్కటే మిగిలింది, అదీ వద్దన్నాను. ఈ సంగతి నా పిల్లలకి కూడా ఇన్నేళ్ళలో చెప్పలేదు.

ఆదివారం లహరి వచ్చింది. వాళ్ళ నాన్నే పంపించాడు, నా చేత చివాట్లు తినడానికి. ఎప్పుడూ గలగలా మాట్లాడే పిల్ల, చెప్పులు విప్పి వచ్చి సోఫా అంచున కూచుంది. "నాన్న అన్నం మానేశాడత్తా. నాకు నీరసం వచ్చేసింది. నువ్వు కూడా మానెయ్యమంటే మానేస్తాను, ఒట్టు. కంప్యూటర్‌లోంచి మొత్తం తీసేస్తాను. ఈ ఒక్కటీ చూసి చెప్పు" అని లాప్‌టాప్ తెరిచింది. ఇంకా బయటపెట్టని భాగం అది. భక్తి ఛానల్లో ప్రవచనం చెప్పే నల్లకొంగ ఒకటి ఆడవాళ్ళు ఎలా నడవాలో, ఎలా నవ్వాలో చెబుతుంటే, గూడబాతు బామ్మ లేచి సందేహాలు అడుగుతుంది. ఆ సందేహాలకి కొంగ మెట్టు మెట్టుకీ జారి చివరికి పీఠం మీంచి నీళ్ళలో పడుతుంది. మధ్యలో ఒక కుంటి కొంగ మీద వేసిన జోకు నాకు నచ్చలేదు. అది కూడా చెప్పాలనుకున్నాను. అసలు చెప్పవలసింది చాలా ఉందనుకున్నాను. ఆ రోజుల్లో అనిపించుకునేవాళ్ళు ఎదురుగా విస్తరి ముందు కూచునేవారు, అన్నవాళ్ళే వాళ్ళకి గారెలు వడ్డించేవారు. ఇప్పుడు ఎవరు ఎవరిని అంటున్నారో, ఎవరికి ఎక్కడ తగులుతుందో చూసుకునే వీలు లేదు. ఆ మాట ఎక్కడ మొదలుపెట్టాలా అని ఆలోచిస్తున్నాను.

లోపలి గదిలోంచి నవ్వు వినబడింది. మా ఆయనకి అక్కగారు, ఎనభై దాటిన మనిషి, కంటి ఆపరేషనుకని భీమడోలు నుంచి వచ్చి మా ఇంట్లో ఉన్నారు. కంటికి కట్టు ఉంది, బొమ్మలు చూడలేరు. గొంతు మాత్రమే విన్నారు.

"శ్యామలా, ఎవరే అది? మీ దొడ్డమ్మగారిలా మాట్లాడుతోంది?"

లాప్‌టాప్ పట్టుకుని ఇద్దరం ఆవిడ మంచం దగ్గరికి వెళ్ళాం. "మా దొడ్డమ్మ మీకెలా తెలుసండీ వదినగారూ? పెళ్ళిలో ఆవిడ పాడలేదుగా" అన్నాను.

"పాడకపోవడమేమిటే? బంతిలో పాడలేదు. అప్పగింతల ముందు మా అమ్మే వెతుక్కుంటూ వెళ్ళింది. నేనూ వెనకాలే వెళ్ళాను. కొట్టుగదిలో జాడీల మధ్య కూచుని ఉన్నారావిడ. మా అమ్మ అడిగింది, 'ఏవండీ వదినగారూ, మీ పాట వినాలనే బంతిలో మూడుసార్లు నెయ్యి వేయించుకున్నాను, మాలో ఏం లోపం చూశారు?' అని. ఆవిడ, 'మీ గురించి ఒక్క ముక్క అనొద్దని మా పిల్ల ఆజ్ఞ అండీ. మా పిల్ల గురించైతే అనొద్దనలేదు. వింటారా?' అన్నారు. తలుపేసుకుని పాడారే. మా అమ్మ నవ్వలేక కింద కూలబడిపోయింది."

"నా మీదా?" అన్నాను.

వదినగారు కట్టు కట్టిన కంటితోనే పైకి చూస్తూ, వణికే గొంతుతో మెల్లిగా అందుకున్నారు. అందులో శ్రుతి లేదు, కానీ ఆ నడక నాకు తెలుసు.

"మా పిల్ల మంచిదని ఎవరన్నారు వదినా, 
మంచం దిగేసరికే మాపటేళ వదినా. 
పప్పు ఎసట్లో వెయ్యమంటే పద్యం చెబుతుంది, 
గురక పెట్టిందంటే గూడెం రైలు ఆగుతుంది!"

లహరి పగలబడి నవ్వింది. "తర్వాత, మామ్మగారూ?" అంది. "తర్వాతది చెప్పనే, మీ మావయ్య వరండాలో ఉన్నాడు, పెళ్ళినాటి రాత్రి సంగతి" అన్నారు వదినగారు. కంటికట్టు సర్దుకుని, "చివరి చరణం మాత్రం మా అమ్మ ఇంట్లో పనిచేసుకుంటూ కూడా పాడుకునేది. నువ్వు కాలేజీకి వెళ్ళాకే పాడేదిలే. నీకు తెలియనివ్వద్దని మీ దొడ్డమ్మగారికి మాటిచ్చింది" అని, దాన్ని పాడకుండా మామూలుగా మాట్లాడుతున్నట్టు చెప్పారు.

"కోపమొస్తే అరవదు వదినా, మాట మానేస్తుంది. 
మాట మానేసిందంటే ఆకలేసిందని తెలుసుకో. 
అది నోరు తెరిచి అడగదు, నువ్వే పెట్టు వదినా."

ఆ ఇంట్లో ఇరవై ఆరేళ్ళు మా అత్తగారితో కాపురం చేశాను. ఎన్నోసార్లు అలిగాను. మా ఆయన మీద, ఆవిడ మీద, కాలేజీలో ఎవరి మీదో. అలిగి గదిలో కూచుంటే ఆవిడ ఏమైందని ఒక్కనాడూ అడగలేదు. కాసేపటికి కంచంలో పెరుగన్నం కలిపి, పక్కన మాగాయ టెంక పెట్టి, తెచ్చి నా పక్కన ఉంచి వెళ్ళిపోయేవారు. తినేసరికి నిజంగానే సగం కోపం పోయేది. ఈవిడకి నా సంగతి ఇంత బాగా ఎలా తెలుసని ఆశ్చర్యపోయేదాన్ని. మా అత్తగారంత మంచి మనిషి లేదని పదిమందికీ చెప్పుకున్నాను, నా అదృష్టం అనుకున్నాను. తొమ్మిది ఉండలు కలిపి ముద్ద చేసినావిడ, ఆ పది రోజుల్లో మళ్ళీ నాకోసం పిండి తడిపి, ఉండ తీసి, ఈ చరణం వత్తి, నేను అడుగుపెట్టబోయే ఇంట్లో నాకు అన్నం ఏర్పాటు చేసి పంపించింది. నేను ఏడ్చాను. డెబ్బై ఏళ్ళదాన్ని, మేనకోడలి ముందు, ఆపుకోకుండా ఏడ్చాను.

లహరి మెల్లిగా లాప్‌టాప్ మూసేసింది. "నిన్ను కూడా బాధపెట్టాను. మానేస్తాలే అత్తా" అంది, నా మొహం చూడకుండా.

"మానొద్దు" అన్నాను. "మీ నాన్న సంగతి నేను చూసుకుంటాను. కుంటి కొంగ మీద జోకు తీసెయ్, మిగిలిందంతా ఉంచు. ఎవరేమన్నా గొంతు తగ్గించొద్దు. ఆ తలుపు తీసుకుని ఇవతలికి రా. వచ్చి, బంతి మధ్యలో నిలబడి, మా అత్తవారందరి మొహాలూ చూస్తూ పాడు."

లహరి కళ్ళు పెద్దవి చేసింది. "తలుపేంటత్తా? నేను పాడటమేంటి?"

"నీతో కాదులే తల్లీ ఆవిడ మాట్లాడేది" అన్నారు వదినగారు.